మదర్‌బోర్డు కొనేముందు ఒకసారి చదువు తల్లీ

చి. సింధుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. నువ్వు వాట్సాప్‌లో పంపిన పార్టుల లిస్టు మొత్తం చూశాను. ప్రాసెసర్ రైజెన్ 7 9800ఎక్స్3డీ, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 5070 టీఐ, ర్యామ్ 64 జీబీ. వీటితో నాకు పేచీ లేదు. మదర్‌బోర్డు దగ్గరే ఆగిపోయాను. దాని ధర దాదాపు గ్రాఫిక్స్ కార్డుతో సమానంగా ఉంది. డబ్బు నీది, కష్టం నీది, కొనొద్దని నేను అనను. కానీ ఏ రూపాయి దేనికి పోతోందో తెలుసుకుని కొనాలని నా కోరిక. ఫోన్లో ఇదంతా చెప్పడం కుదరదు, పైగా నువ్వు ఆఫీసులో ఉంటావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఖరీదైన బోర్డు పెడితే ఆట ఇంకా బాగా ఆడుతుందని నీ స్నేహితులెవరో చెప్పినట్టున్నారు. అది నమ్మకు. అదే ప్రాసెసర్, అదే కార్డు, అదే ర్యామ్ తీసుకెళ్లి ఒకసారి మామూలు బీ850 రకం బోర్డు మీద, ఇంకోసారి అన్నిటికన్నా పైనున్న ఎక్స్870ఈ రకం బోర్డు మీద ఆడి చూస్తే ఫ్రేమ్‌ల (సెకనుకి తెర మీద మారే బొమ్మల) తేడా కంటికి ఆనదు. ఫ్రేములు ఇచ్చేవి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు. నీ ప్రాసెసర్‌లో 96 ఎంబీ ఎల్3 క్యాష్, అంటే లోపలే ఉండే వేగమైన మెమరీ, ఉంది, ఆటల్లో దానికి అంత పేరొచ్చింది అందువల్లే. బోర్డు దానికి కొత్తగా కలిపేదేమీ లేదు. కంప్యూటర్‌కి ఎన్ని వస్తువులు ఎంత వేగంతో తగిలించగలవు, అది ఎన్నేళ్లు నీ దగ్గర పనిచేస్తుంది, ఇవి మాత్రం బోర్డే తేలుస్తుంది. ఈ రెండింటి కోసం ఎంత ఖర్చు పెట్టినా నాకు సంతోషమే.

ఏళ్ల సంగతి ముందు చెబుతాను. ఏఎం5 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) ఎంచుకోవడం మంచి పని. 2022లో వచ్చింది, 2027 దాకా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని నీ ప్రాసెసర్ తయారుచేసే ఏఎండీ చెప్పింది. అంతకుముందున్న ఏఎం4 బోర్డులు 2017లో కొన్నవాళ్లలో చాలామంది, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ ప్రాసెసర్‌ని బయోస్ (బోర్డుని లేపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి అదే బోర్డులో పెట్టుకోగలిగారు. అయిదేళ్ల తర్వాత బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలు అది. నీకూ ఆ వీలు రావచ్చు కాబట్టి మరీ చవక బోర్డు వద్దు.

ఇక దారుల సంగతి. దీన్ని జాగ్రత్తగా చదువు, ఎందుకంటే షాపులో ఎవరూ చెప్పరు, డబ్బా మీదా రాయరు. నీ ప్రాసెసర్ నుంచి పీసీఐఈ 5.0 లేన్లు, అంటే డేటా వెళ్లే దారులు, 28 బయటికొస్తాయి. అందులో 4 చిప్‌సెట్‌కి, అంటే బోర్డు మీదుండి మిగతా ఎస్‌ఎస్‌డీలనీ యూఎస్‌బీలనీ చూసుకునే చిప్‌కి పోతాయి, అది 4.0 వరకే కాబట్టి ఆ దారి 4.0 వేగంతోనే నడుస్తుంది. మిగిలిన 24లో 16 గ్రాఫిక్స్ కార్డుకి, 4 ఎస్‌ఎస్‌డీ పెట్టే మొదటి ఎం.2 స్లాట్‌కి. ఇక చేతిలో ఉన్నవి నాలుగే. ఎక్స్870, ఎక్స్870ఈ బోర్డుల్లో యూఎస్‌బీ4 అనే వేగమైన పోర్టు తప్పనిసరిగా ఉండాలని నియమం పెట్టారు. చాలా బోర్డుల్లో ఆ నాలుగు లేన్లనీ యూఎస్‌బీ4 చిప్పే తీసుకుంటుంది. మరి డబ్బా మీద "అయిదు ఎం.2 స్లాట్లు, అందులో మూడు 5.0వి" అని ఎలా రాస్తారు? పంచుకోవడం వల్ల. కొన్ని బోర్డుల్లో రెండో ఎస్‌ఎస్‌డీ పెట్టగానే యూఎస్‌బీ4 వేగం సగమవుతుంది. కొన్నింటిలో గ్రాఫిక్స్ కార్డుకి 16 బదులు 8 లేన్లే మిగులుతాయి. ఆటల్లో ఆ నష్టం చిన్నదే, అయినా అంత డబ్బు పోసి కొన్న బోర్డులో ఏ స్లాట్ వాడితే ఏది తగ్గుతుందో తెలియకుండా ఉండకూడదు.

ఎక్స్870ఈకీ ఎక్స్870కీ తేడా ఏమిటని అడిగావు. మొదటిదానిలో చిప్‌సెట్ చిప్‌లు రెండుంటాయి, రెండోదానిలో ఒకటే. రెండుంటే ఎక్కువ ఎస్‌ఎస్‌డీలు, ఎక్కువ యూఎస్‌బీలు తగిలించుకోవచ్చు. కానీ ఆ రెండో చిప్‌ని మొదటిదాని వెనకే తగిలించారు. ప్రాసెసర్‌కి వెళ్లే దారి మాత్రం ఒక్కటే, 4.0 లేన్లు నాలుగు, అంటే సెకనుకి సుమారు 8 గిగాబైట్లు. చిప్‌సెట్ వైపున్న ఎస్‌ఎస్‌డీలు, లాన్, యూఎస్‌బీలు అన్నీ ఆ దారినే పంచుకోవాలి. నీ పనికి ఇది చాలు. ఆటలు ఒక డ్రైవులో, రికార్డు చేసిన వీడియోలు ఇంకోదానిలో, పాత ల్యాప్‌టాప్ డ్రైవు మూడోది అన్నావు కదా. విండోస్, ఆటలు ఉన్నది ప్రాసెసర్‌కి దగ్గరున్న మొదటి స్లాట్‌లో పెట్టు, మిగతా రెండూ చిప్‌సెట్ స్లాట్లలో పెట్టు. అప్పుడు గ్రాఫిక్స్ కార్డు 16 లేన్లకీ ఎవరూ పోటీ రారు. మూడు డ్రైవులు, పైగా వీడియోల కోసం బయటి యూఎస్‌బీ4 డ్రైవు, ఇవన్నీ ఉన్నాయి కాబట్టి నీకు ఎక్స్870ఈ కొనడానికి నిజమైన కారణం ఉంది. ఒక్క డ్రైవుతో ఆటలాడే పిల్లలకి లేదు.

అందుకని కొనేముందు ఆ బోర్డు మాన్యువల్ కంపెనీ సైట్ నుంచి దించుకో. అందులో ఎం.2 స్లాట్ల పేజీ, బ్లాక్ డయాగ్రమ్ (ఏది దేనికి తగిలించి ఉందో చూపే బొమ్మ) ఉంటే అదీ, కింద చిన్న అక్షరాలతో సహా చదువు. మా టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో కొత్త కార్డు పెట్టేముందు మేం చేసింది అదే.

ఇప్పుడు నాకు ఇష్టమైన చోటుకి వచ్చాను. నువ్వు మెచ్చిన బోర్డుకి "18+2+2 ఫేజులు, 110 ఆంపియర్లు" అని గొప్పగా రాశారు. ఫేజు అంటే ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే ఒక్కో దారి, అందులో మొదటి 18 ప్రాసెసర్ కోర్లకి. లెక్క వేసి చూద్దాం. ఎస్‌ఎంపీఎస్, అంటే క్యాబినెట్‌లోని పవర్ సప్లై, 12 వోల్టులు ఇస్తుంది. ప్రాసెసర్‌కి కావాల్సింది 1.2 వోల్టు చుట్టుపక్కల. ఆ దించే పని చేసేది వీఆర్‌ఎం, అంటే సాకెట్ చుట్టూ ఉండే ఆ చిన్న చిన్న మాస్‌ఫెట్లూ చోక్‌లూ కెపాసిటర్లూ. 9800ఎక్స్3డీ మీద 120 వాట్లని రాసినా సాకెట్ దానికి 162 వాట్ల దాకా ఇస్తుంది. 162ని 1.2తో భాగిస్తే 135 ఆంపియర్లు. మన ఇల్లంతటికీ ఉన్న మెయిన్ ఎంసీబీ 32 ఆంపియర్లది. దానికి నాలుగింతల కరెంటు అగ్గిపెట్టెంత చోటులో, వోల్టేజి పెద్దగా మారకుండా పారుతుందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. సరే, ఆ బోర్డు ఇవ్వగలిగింది 18ని 110తో గుణిస్తే 1980 ఆంపియర్లు. నీకు కావాల్సింది 135. రేపు 16 కోర్ల 9950ఎక్స్ పెట్టినా 230 వాట్లు, అంటే 190 చిల్లర ఆంపియర్లు. 80 ఆంపియర్ల ఫేజులు 14 ఉన్న బోర్డు కూడా 1120 ఇవ్వగలదు. ఆ పైన ఎంత ఉన్నా నీ ఇంట్లో పనికిరాదు. ద్రవ నైట్రోజన్ పోసి ఓవర్‌క్లాకింగ్ పోటీలకి వెళ్లేవాళ్లకి అది అవసరం.

ఫేజుల అంకె కన్నా వాటి మీదున్న హీట్‌సింక్ చూడు. బరువైన అల్యూమినియం దిమ్మె, గాలి తగలడానికి గాడులు, వీలైతే రెండు దిమ్మెల్నీ కలిపే హీట్‌పైపు ఉండాలి. కొన్ని బోర్డుల్లో పైన అందమైన ప్లాస్టిక్ కవర్ వేసి లోపల చిన్న ముక్క పెడతారు. నువ్వు లిక్విడ్ కూలర్ పెడతానంటున్నావు. అప్పుడు సాకెట్ దగ్గర ఫ్యాన్ ఉండదు, వీఆర్‌ఎంకి గాలి తగలదు. హైదరాబాద్ మే నెలలో, ఏసీ లేని గదిలో అది ఎలా ఉంటుందో నీకే తెలుసు. వేడి పది డిగ్రీలు తగ్గితే కెపాసిటర్ ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక లెక్క ఉంది. 2000 తర్వాతి ఏళ్లలో నాసిరకం ఎలక్ట్రోలైట్ వల్ల ప్రపంచమంతా బోర్డుల మీద కెపాసిటర్లు ఉబ్బి పగిలాయి. ఆ బోర్డులు చాలా నా చేతుల మీదుగా పోయాయి. ఇప్పుడు సాలిడ్ కెపాసిటర్లు వచ్చి ఆ బాధ తప్పింది, కానీ వేడికి భయపడటం నేను మానలేదు.

ర్యామ్ గురించి ఒకే మాట. 64 జీబీ కావాలంటే 32 జీబీవి రెండే కొను, 6000 వేగానివి, ఎక్స్‌పో (ఆ వేగాన్ని బయోస్‌లో ఒక్క నొక్కుతో ఆన్ చేసే ఏఎండీ సెట్టింగ్) ఉన్నవి. బోర్డు మీద నాలుగు స్లాట్లున్నాయి కదా అని నాలుగు పెట్టకు. నాలుగు పెడితే ఏఎండీ అధికారికంగా హామీ ఇచ్చే వేగం 3600కి పడిపోతుంది, ఎంత ఖరీదైన బోర్డయినా. రెండింటినీ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాట్, నాలుగో స్లాట్‌లో పెట్టాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. ర్యామ్‌ని అది పరీక్షించుకుంటోందని అర్థం. టెన్షన్ పడి స్విచ్ కట్టెయ్యకు.

బయోస్ విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని సాకెట్‌తో సహా కాలిపోయాయి. ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు కొన్ని బోర్డులు ఎస్‌ఓసీ వోల్టేజిని (ప్రాసెసర్‌లో మెమరీని చూసుకునే భాగానికిచ్చే వోల్టేజిని) ఎక్కువగా పెంచేశాయి. ఆ తర్వాత ఏఎండీ దాన్ని 1.3 వోల్టులు దాటకుండా కట్టడి చేసింది, కంపెనీలన్నీ కొత్త బయోస్‌లు ఇచ్చాయి. నీది తర్వాతి తరం, అయినా ముందు బయోస్ అప్‌డేట్ చేసి, ఆ తర్వాతే ఎక్స్‌పో ఆన్ చెయ్యి. అందుకే బోర్డు వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉండి తీరాలి. ప్రాసెసర్ లేకపోయినా, బయోస్ పాడైపోయినా, పెన్‌డ్రైవులో ఫైలు పెట్టి ఆ బటన్ నొక్కితే బోర్డు మళ్లీ లేస్తుంది. ఇంకొకటి, రెండంకెల డీబగ్ కోడ్ చూపించే చిన్న డిస్‌ప్లే. దానికి రెండు మూడు వేలు ఎక్కువైనా ఇవ్వు. ఎక్స్ఛేంజ్‌లో ఏ కార్డు పోయిందో అలారం చెప్పేది కాబట్టి అర్ధరాత్రి కూడా మా పని సాగింది. నువ్వు ఒక్కదానివే గదిలో కూర్చుని కంప్యూటర్ ఎందుకు లేవట్లేదో ఊహించుకుంటూ ఉండటం నాకు ఇష్టం లేదు. ఆ అంకె చూసి ఫోన్ చేస్తే ఇద్దరం తేల్చుకోవచ్చు.

మిగతావి పెద్ద విషయాలు కావు. 10 గిగాబిట్ లాన్ నీ 200 ఎంబీపీఎస్ ఫైబర్‌కి దండగ. నీది యూఎస్‌బీ హెడ్‌సెట్, బోర్డులో ఏ ఆడియో చిప్ ఉన్నా దాన్ని వాడనే వాడవు. బోర్డు మీద చిన్న తెరలూ లైట్లూ నీకు నచ్చితే కొనుక్కో, అది నీ ముచ్చట. బోర్డు ఈ-ఏటీఎక్స్ అయితే మాత్రం 244 మిల్లీమీటర్ల కన్నా వెడల్పు ఉంటుంది, నీ క్యాబినెట్‌లో పడుతుందో లేదో కొలుచుకో.

కాబట్టి నా సలహా, ఎక్స్870ఈలోనే ఉండు, పైనున్న రెండు మెట్లు వదిలెయ్యి. క్రాస్‌హెయిర్, గాడ్‌లైక్ లాంటి పేర్లకి కిందనున్న మెట్టులో నేను చెప్పినవన్నీ దొరుకుతాయి. మిగిలిన డబ్బు పై మెట్టు గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 5080కి కలుపు. అప్పుడు ఫ్రేములు నిజంగా పెరుగుతాయి.

కొనేది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ సీటీసీలో అయితే డబ్బా అక్కడే తెరిపించు. ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కి కాదు, సాకెట్‌కే ఉంటాయి, 1718. ఒక్కటి వంగినా వారంటీ ఇవ్వరు. సాకెట్ మీద ప్లాస్టిక్ మూత తీయించి, ఫోన్ లైట్ పక్క నుంచి వేసి చూడు, ఫొటో తీసుకో. ఆ మూత పారెయ్యకు, వారంటీకి పంపేటప్పుడు అది లేకపోతే తీసుకోరు. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించు. విదేశం నుంచి తెచ్చిన పీసు తక్కువకి ఇస్తామంటే వద్దను, ఇక్కడ వారంటీ ఉండదు.

చివరిగా ఎర్త్. నీ గదిలో ల్యాప్‌టాప్ ముట్టుకుంటే జివ్వుమంటోందని పోయినసారి అమ్మతో అన్నావు. అది నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు రొద ఆపడానికి లైను, న్యూట్రల్ రెండింటి నుంచీ బాడీకి చిన్న కెపాసిటర్లు పెడతారు. ఎర్త్ ఉంటే ఆ లీకేజీ అటు పోతుంది. లేకపోతే క్యాబినెట్ మొత్తం సుమారు 115 వోల్టుల మీద తేలుతూ ఉంటుంది. కరెంటు కొంచెమే కాబట్టి మనిషికి జివ్వుమంటుందంతే, కానీ హెడ్‌సెట్టో మానిటర్ కేబులో గుచ్చినప్పుడు ఆ తేడా వోల్టేజి బోర్డు పోర్టుల గుండా దారి వెతుక్కుంటుంది. ఉరుముల రోజుల్లో సంగతి చెప్పక్కర్లేదు. ఎర్త్ సరిగా లేకుండా మా ఎక్స్ఛేంజ్‌లో ఒక్క ర్యాక్ కూడా ఆన్ చేసేవాళ్లం కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మీటరుతో చూపించు. లైనుకీ ఎర్త్‌కీ మధ్య 230 వోల్టులు రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. నువ్వు స్వయంగా ప్లగ్గులో మీటరు పెట్టకు. యూపీఎస్ కొంటే ప్యూర్ సైన్‌వేవ్‌దే కొను, స్క్వేర్‌వేవ్‌వి ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్నింటికి పడవు.

బోర్డు ఆర్డర్ పెట్టేముందు ఈ ఎర్త్ పని అయిపోవాలి. ఇంటి ఓనరు ఖర్చు పెట్టనంటే నాకు నంబర్ పంపు, నేను మాట్లాడతాను. అప్పటికీ కుదరకపోతే ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను. మాన్యువల్ దించుకున్నాక ఎం.2 పేజీ నాకూ పంపు, ఆదివారం ఇద్దరం ఫోన్లో కలిసి చూద్దాం. వేళకి తిను.

ఆశీస్సులతో,
నాన్న
తెనాలి