శనివారం రాత్రికి ఎందుకు వెనక్కి వెళ్లానంటే

ఒంగోలు, చీమకుర్తి, టంగుటూరు నుంచి మా సర్వర్‌లో లెక్కలు రాసుకుంటున్న ఖాతాదారులందరికీ నమస్కారం.

ఆదివారం నుంచి మంగళవారం మధ్యాహ్నం వరకు మీరు ఎక్కించిన బిల్లులు ఇప్పుడు కనబడటం లేదు. డిస్కును శనివారం రాత్రి తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డిస్కు ఎలా ఉందో అలా నిలిపి ఉంచే ఏర్పాటు) దగ్గరకు తిప్పింది నేనే. ఫోనులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పాను, అది పద్ధతి కాదు.

మీ లెక్కలున్న వర్చువల్ డిస్కు నిజానికి ఒక పెద్ద ఫైలు. స్నాప్‌షాట్ తీయగానే ఆ ఫైలులో రాయడం ఆగిపోతుంది, తర్వాతి రాతలన్నీ పక్కన పుట్టే ఇంకో ఫైలులోకి పోతాయి. కింది ఫైలు చెక్కుచెదరకుండా ఉంటేనే పైదానికి అర్థం. ప్రోగ్రాం కొత్త వెర్షన్ ఎక్కించే ముందు శనివారం స్నాప్‌షాట్ తీశాను. అంతా బాగుందని తేలాక సోమవారమే రెండింటినీ కలిపేయవలసింది. కలపలేదు. అది నా తప్పు.

ఇక డిస్కు అమ్మినవాళ్ల సంగతి. మూడు వారాల కిందట డబ్బు కడితే, సరిగ్గా 10వ తేదీన, అంటే జీఎస్టీఆర్-1 (గత నెల అమ్మకాల రిటర్ను) గడువుకు ముందు రోజు, పెద్ద డిస్కు పట్టుకుని మనిషిని పంపారు. 12న రమ్మన్నాను. ఇంత దూరం వచ్చానన్నాడు. మొహమాటపడి సరేనన్నాను. నేను భోజనానికి వెళ్లిన అరగంటలో, నడుస్తుందో లేదో చూద్దామని కింది ఫైలును ఒక్కదాన్నే తగిలించి విండోస్ తెరిచాడట. పది నిమిషాలేనట! విండోస్ తెరుచుకుంటే ఊరికే ఉండదు, తన రాతలు తాను రాసుకుంటుంది. తిరిగి వచ్చేసరికి తెరమీద ఒకటే వాక్యం: పిల్ల డిస్కు పుట్టాక తల్లి డిస్కు మారింది. తల్లి అంటే కింది ఫైలు, పిల్ల అంటే పైది. సాఫ్ట్‌వేర్ తమ బాధ్యత కాదన్నారు యజమానులు. మర్నాడు బిగింపు కూలికి బిల్లు పంపారు. కట్టలేదు, కట్టను.

ఆ రాత్రి రెండు దాకా నిద్రపోలేదు. తల్లి ఫైలుకు ఎనిమిది అక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది, దాన్నే పిల్ల ఫైలు తన దగ్గర రాసుకుంటుంది. రెండూ సరిపోకపోతే తెరుచుకోదు. ఆ గుర్తును చేత్తో దిద్దితే తెరుచుకుంటుంది. నకలు తీసి, దాని మీద దిద్దాను. మూడు రోజుల బిల్లులూ కనిపించాయి, ప్రాణం లేచివచ్చింది. చీమకుర్తి గ్రానైట్ బిల్లు ఒకటి తెరిచాను. లారీ ఎప్పుడో వెళ్లిపోయిన సరుకు అది. స్లాబుల లెక్క సరిగ్గా ఉంది, కొన్నవారి పేరు చోట మాత్రం చదవలేని గీతలు. మిగతా బిల్లులు బాగున్నట్టే ఉన్నాయి. కానీ ఇంకెక్కడ చెడిందో నాకు తెలియదు, మీకు ఆడిట్ రోజున తెలుస్తుంది. అలాంటి పుస్తకాన్ని మీ చేతికి ఇవ్వలేకపోయాను. మూడు రోజులు వదులుకున్నాను. శనివారం రాత్రి మీకు పంపిన నిల్వల కాగితాలతో పోల్చి చూశాను, పైసా తేడా లేదు.

గత నెల బిల్లులను చివరి మూడు రోజుల్లో ఎక్కించే అలవాటు మనలో చాలామందికి ఉంది కదా, దెబ్బ అక్కడే తగిలింది. ఈ-ఇన్వాయిస్ ఉన్నవారివి ప్రభుత్వ పోర్టల్ నుంచి దించుకున్నాం. మిగతావి బిల్లు పుస్తకాలు చూసి నేనూ ఇద్దరు కుర్రాళ్లూ కొట్టాం. ఇద్దరివి మాత్రం 11 దాటాయి, వారి ఆలస్య రుసుము నాది. ఈ నెల బిల్లులు ఇంకా ఎక్కిస్తున్నాం.

స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవద్దని, ఈ వర్చువల్ డిస్కుల సాఫ్ట్‌వేర్ చేసే వీఎంవేర్ వాళ్లే చెబుతారు. ఇకపై మా దగ్గర ఒక్క రాత్రికి మించి ఉండదు. స్నాప్‌షాట్ అదే డిస్కులో ఉంటుంది కనుక దాన్ని నకలు అనుకోకూడదు. అసలు నకలు వేరే డిస్కులో రోజూ నాతో పాటు ఇంటికి వస్తుంది.

హైదరాబాద్‌లో ఎవరిదో క్లౌడ్‌కు మారతామని ఒకరిద్దరు అన్నారు. వెళ్లండి, మీ లెక్కలు అదే రోజు చేతికిస్తాను. అయితే దాచిన నకలు నుంచి లెక్కలు వెనక్కి తెచ్చి చివరిసారి ఎప్పుడు చూశారో వాళ్లను అడిగి వెళ్లండి.

బిల్లు పుస్తకాలు తెచ్చేవారు సాయంత్రం 6 తర్వాత రండి, పగలంతా టైపు చేస్తూ ఉంటాం.