ట్రెక్ ప్రకటనల్లో రాత్రి బస ఎత్తు కూడా వేయాలి

సంపాదకులకు నమస్కారం.

వేసవి వచ్చిందంటే లదాఖ్ ట్రెక్‌ల ప్రకటనలు జోరందుకుంటాయి. హెమిస్ జాతీయ పార్కులోని మార్ఖా లోయ నడక వాటిలో ముఖ్యమైనది. రోజుకు ఎన్ని కిలోమీటర్లు, టెంటుకు ఎంతమంది, భోజనం ఎవరిది అన్నీ రాస్తారు. ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటామో మాత్రం చాలా ప్రకటనల్లో ఉండదు. అన్నిటికన్నా ముందు అడగాల్సింది అదే.

హైదరాబాద్‌లో పొద్దున బయల్దేరి ఢిల్లీ మీదుగా విమానంలో లేహ్ చేరితే, కొన్ని గంటల్లోనే 3,500 మీటర్ల ఎత్తుకు వెళ్లిపోతాం. అక్కడి గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో మూడింట రెండొంతులే. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు ఒక రాత్రి నుంచి మరో రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఆగాలనీ పర్వత వైద్యులు చెబుతారు. పగలు ఇంకా పైకి ఎక్కి దిగిరావచ్చు, అది మంచిదే కూడా. లెక్కంతా పడకదే.

ఈ లెక్క మార్ఖా దారికి వేసి చూడండి. స్కియు సుమారు 3,400 మీటర్లు, మార్ఖా ఊరు 3,700, హంకర్ 4,000. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు. హంకర్ నుంచి నిమాలింగ్ మైదానం దూరం తక్కువే కాబట్టి ఒక్క రోజులో తేల్చేస్తారు. కానీ నిమాలింగ్ 4,800 మీటర్ల దగ్గర ఉంటుంది. అంటే ఒక్క రాత్రిలో 800 మీటర్ల పెరుగుదల. మధ్యలో తచుంగ్‌సే దగ్గర, సుమారు 4,250 మీటర్ల ఎత్తులో, రెండు రాత్రులు ఆగితే ఈ గండం చాలావరకు తప్పుతుంది. లేహ్‌లో మూడు రాత్రులు, తచుంగ్‌సేలో రెండు, పైన వాతావరణం పాడైతే పనికొచ్చేలా ఇంకొక రోజు చేతిలో ఉండాలి. సెలవు చాలకపోతే ఈ దారి ఈ ఏడాదికి మానుకోవడమే మేలు. మీ పత్రిక ట్రెక్ విశేషాలు వేసేటప్పుడు ప్రతి మజిలీ పక్కన ఎత్తు కూడా ముద్రించాలని నా విన్నపం. నిర్వాహకులను కూడా అది రాసివ్వమని పాఠకులు పట్టుబట్టాలి.

తలనొప్పితో పాటు వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, కళ్లు తిరగడం వీటిలో ఏదున్నా ఎత్తు జబ్బు కిందే లెక్క. తగ్గేదాకా పైకి కదలొద్దు. తగ్గకపోయినా, ముదిరినా కిందికి దిగాలి. అనుమానం ఉంటే మనిషిని మడమకు బొటనవేలు ఆనిస్తూ గీత మీద నడవమనండి. తూలితే మెదడుకు వాపు చేరుతోందని అర్థం. కదలకుండా కూర్చున్నా ఆయాసం, దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. ఈ రెండింట్లో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. నిమాలింగ్‌లో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. కొంగ్‌మారు లా దాటేస్తే అవతల షాంగ్ సుమ్డో వైపు బండి దొరుకుతుంది కదా అని రోగిని పైకి నడిపిస్తారు. ఆ కనుమ 5,200 మీటర్లు దాటుతుంది. ఆ స్థితిలో ఇంకో 400 మీటర్లు ఎక్కించడం ప్రాణం మీదికి తేవడమే. వచ్చిన దారినే హంకర్ వైపు దించాలి. అందుకే సామాను గుర్రాలు మాట్లాడుకునేటప్పుడు ఒకటి ఖాళీగా ఉండేలా చూసుకోండి. ఎసిటజోలమైడ్ మాత్ర ఎత్తు జబ్బు నివారణకు 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి వాడతారు. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. మాత్ర వేసుకున్నాం కదా అని రాత్రులు తగ్గించుకోకూడదు.

వంట సంగతి. నిమాలింగ్‌లో నీళ్లు 84 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గిన్నెలో పప్పు ఎంతసేపు పెట్టినా గట్టిగానే ఉంటుంది, ఇంధనం మాత్రం అయిపోతుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్తే లోపల 110 డిగ్రీలు దాటుతుంది. గ్యాస్ డబ్బాలను విమానంలో అనుమతించరు, లేహ్‌లోనే కొనుక్కోవాలి. చలిగా ఉందని మూసిన టెంటులో స్టవ్ వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తలనొప్పి వస్తే ఎత్తు వల్లేననుకుంటారు. సన్నగొట్టాల నీటి ఫిల్టర్ వాడేవాళ్లు రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోవాలి. లోపలి తడి ఒక్కసారి గడ్డకట్టినా ఆ గొట్టాలు చిట్లుతాయి. పైకి ఏమీ తెలియదు, నీళ్లు వస్తూనే ఉంటాయి, క్రిములు కూడా వస్తాయి.

ఆగస్టులో కూడా అక్కడ రాత్రిళ్లు సున్నా కిందికి పోతాయి. స్లీపింగ్ బ్యాగు మీద పెద్దక్షరాల్లో వేసే కనిష్ఠ ఉష్ణోగ్రత చూసి మోసపోవద్దు, కంఫర్ట్ అని రాసిన అంకె మైనస్ 10 దగ్గర ఉండాలి. కింద పరిచే మ్యాట్ పలుచనైతే ఎంత మంచి బ్యాగైనా వృథా, ఎందుకంటే ఒంటి బరువుకు అణిగిన ఈకలు వేడిని పట్టి ఉంచలేవు. టెంటు మేకులు రాతినేలలో దిగవు, తాళ్లు పెద్ద రాళ్లకు కట్టాలి. ఎండిన వాగులో ఇసుక మెత్తగా ఉందని టెంటు వేయకండి. 2010 ఆగస్టులో లేహ్ చుట్టుపక్కల కుండపోత వానకు అలాంటి వాగులే బురదతో విరుచుకుపడ్డాయి. మంచు కరిగి సాయంత్రానికి ప్రవాహం పెరుగుతుంది, కాబట్టి ఏరు దాటేది పొద్దున్నే పెట్టుకోవాలి.

ఇది మంచు చిరుతల అడవి. అవి వేసవిలో పైపైనే ఉంటాయి, చూడటం కోసమే వెళ్లేవాళ్లు శీతాకాలంలో ఇదే పార్కులోని రుంబక్ ఊరి వైపు వెళ్తారు. నడిచేవాళ్లకు కనిపించేవి భరాల్ అనే కొండగొర్రెల మందలు, నిమాలింగ్‌లో మర్మట్‌లు అనే బొరియల్లో ఉండే పెద్ద ఉడుతజాతి జంతువులు. వాటికి బిస్కెట్లు వేయకండి. పొయ్యిలోకి పొదలు విరవకండి, అక్కడ ఒక పొద పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఆ చలిలో మలం కూడా త్వరగా కుళ్లదు. నీటికి 60 మీటర్ల దూరంలో గొయ్యి తీయాలి, కాగితాలు సంచిలో వేసి వెనక్కి తేవాలి.

చివరగా, శాటిలైట్ ఫోన్లు, ఉపగ్రహ సందేశ పరికరాలు ప్రభుత్వ అనుమతి లేకుండా మన దేశంలో వాడకూడదు. విదేశాల నుంచి బంధువులు పంపారని తీసుకెళ్తే విమానాశ్రయంలోనే చిక్కుల్లో పడతారు. లోయలో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం. ఏ రాత్రి ఎక్కడ ఉంటారో, ఏ తేదీ దాటితే వెతకడం మొదలుపెట్టాలో కాగితం మీద రాసి లేహ్‌లో బస చేసినచోట ఒకటి, ఇంట్లో ఒకటి ఇచ్చి వెళ్లాలి.

భవదీయుడు,
ఒక ట్రెక్ లీడర్