మా ఆవిడ మోకాలికీ, నా కాలక్షేపానికీ సాయపడిన అందరికీ

మా ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు, "ఇంట్లో కూర్చుని చూడ్డానికి మంచి ప్రేమకథలు చెప్పండి, పాలల్లో విషం కలిపే అత్తలు లేనివి" అని తెలిసినవాళ్లందర్నీ అడిగాను. ఏదో ఒకరిద్దరు చెబుతారులే అనుకున్నా. విశాఖలో ఉన్న మేనకోడలు, డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడి కోడలు, పైఅంతస్తు అమ్మాయి, చివరికి మా పాత హెడ్మాస్టరు గారు కూడా జాబితాలు పంపారు. (సార్, మీరు కొరియా ప్రేమకథలు చూస్తారని ఇన్నేళ్లలో ఎవరికీ తెలియనివ్వలేదు. ఇప్పుడు నా వల్ల ఊరంతా తెలిసింది, ఏమనుకోకండి.)

ఇప్పుడావిడ వాకర్ లేకుండా వీధి చివర కూరల బండి దాకా వెళ్లి బేరమాడి వస్తోంది. ఫిజియోథెరపీ పిల్ల తన వంతు చేసింది, మిగతాది మీరు చేశారు. రోజూ వ్యాయామం అనగానే "రేపు చేస్తాలే" అనే మనిషి, "కాలు పది సార్లు వంచితేనే తర్వాతి ఎపిసోడ్" అంటే నొప్పి ఓర్చుకుని మరీ వంచింది. అందుకే పేరుపేరునా కృతజ్ఞతలు. ఏం చూశారు, ఎలా ఉంది అని అందరూ అడుగుతున్నారు కాబట్టి ఆ సంగతులు కూడా ఇక్కడే చెప్పేస్తాను.

ముందు పైఅంతస్తు అమ్మాయికి. ఆఫీసు నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా, లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి, సబ్‌టైటిల్స్ అక్షరాలు పెద్దవి చేసిపెట్టింది. అయినా మా ఆవిడకి ఆ వేగంతో ఇంగ్లీషు చదవడం కష్టం. తెలుగు డబ్బింగ్ ఉన్నవి పెడదామంటే, "వద్దు, ఆ అబ్బాయి గొంతే బాగుంది" అంది. దాంతో సబ్‌టైటిల్ చదివి తెలుగులో చెప్పే డ్యూటీ నాకు పడింది. మొదటిరోజే చీవాట్లు. "ఆ పిల్ల అంతలా ఏడుస్తుంటే మీరు ఆకాశవాణి వార్తలు చదివినట్టు చదువుతారేంటండీ?" తర్వాత్తర్వాత కాస్త అభినయం కూడా కలిపాను. పక్కింటివాళ్లకి ఎలా వినిపించిందో దేవుడికే తెలియాలి.

మేనకోడలి మాట మీద మొదట పెట్టింది 'క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ'. దక్షిణ కొరియాలో డబ్బున్నమ్మాయి పారాగ్లైడింగ్ చేస్తూ సుడిగాలిలో చిక్కుకుని సరిహద్దు దాటి ఉత్తర కొరియాలో పడుతుంది. అక్కడి సైనికాధికారి ఆమెని దాచిపెడతాడు. వినడానికి మన పాత జానపద సినిమా కథలా ఉందని నేను పెదవి విరిచాను. కానీ ఆ పిల్ల కాఫీ లేకపోతే బతకలేనంటే, ఆ అధికారి పచ్చి గింజలు కొని తెచ్చి, ఇనప మూకుడులో వేయించి, రోట్లో దంచి, వడపోసి ఇస్తాడు. ఆ సీన్‌లో ఒక్క ప్రేమ మాట ఉండదు. మా ఆవిడ దిండు సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఇంకోచోట ఆ అమ్మాయి సువాసన కొవ్వొత్తి అడిగితే పాపం ఏ వాసనా లేని మామూలు కొవ్వొత్తి తెస్తాడు. తర్వాత ఆమె చీకటిపడ్డ సంతలో తప్పిపోయినప్పుడు, జనం మధ్యలో ఒక చెయ్యి పైకి లేస్తుంది. ఆ చేతిలో వెలుగుతున్న కొవ్వొత్తి ఉంటుంది, ఈసారి వాసన ఉన్నదే. అక్కడ నేను చదవాల్సింది చదవలేదు, ఆవిడా అడగలేదు.

హీరో హీరోయిన్ల కంటే ఆ ఊరి ఆడవాళ్లు మాకు ఎక్కువ నచ్చారు. కల్నల్ గారి భార్య చుట్టూ చేరి భజన చేయడం, కరెంటు పోతే విసుక్కోవడం, అందరూ కలిసి కిమ్చి పెట్టుకోవడం చూస్తుంటే, ఆవకాయ రోజుల్లో మా పాత వీధి అరుగులే గుర్తొచ్చాయి. దక్షిణ కొరియా సీరియళ్లు దొంగతనంగా చూసి పిచ్చెక్కిపోయిన ఒక సిపాయి కుర్రాడు కూడా ఉంటాడు. వాణ్ని చూపించి మా ఆవిడ "అచ్చం మీరే" అంది. ఆ హీరో హీరోయిన్లు, అదే హ్యున్ బిన్, సన్ యే-జిన్, 2022లో నిజంగానే పెళ్లి చేసుకున్నారని మేనకోడలు చెప్పగానే, మా ఇంట్లో పెళ్లి కుదిరినంత సంబరం.

డల్లాస్ కోడలు చెప్పింది 'క్వీన్ ఆఫ్ టియర్స్'. రాసింది కూడా పై కథ రాసిన పార్క్ జి-యునే. అమ్మాయీ, కొంచెం గట్టిగా మాట్లాడతాను, కోప్పడకు. మొదటి సగం బంగారం. కోటీశ్వరుల ఇంట్లో పితృదేవతలకి చేసే క్రతువుకి, పెద్ద చదువులు చదివిన ఇల్లరికపు అల్లుళ్లందరూ ఆప్రాన్లు కట్టుకుని వంటింట్లో పిండి వంటలు వేయిస్తుంటే మా ఆవిడ నవ్వు ఆపుకోలేక కుట్లు నొప్పెడుతున్నాయని గోల. విడాకుల కాగితాలు జేబులో పెట్టుకుని వచ్చిన మొగుడికి భార్య తనకి మూడు నెలలే బతుకని చెబితే, అతని ముఖంలో ముందు బాధ కాదు, "హమ్మయ్య" కనిపిస్తుంది. అంత ధైర్యంగా మొదలుపెట్టిన కథ! ఆస్తంతా పోయి ఆ డబ్బున్న కుటుంబం అల్లుడిగారి పల్లెటూరికొచ్చి తలదాచుకునే భాగం కూడా హాయిగా ఉంది.

ఆ తర్వాతే నాకు నచ్చలేదు. జర్మనీలో ఆపరేషన్, జ్ఞాపకశక్తి పోవడం, కారు గుద్దడం, కిడ్నాపు, తుపాకీ. ఇవన్నీ ఉంటే మన ఛానల్ సీరియలే చూసుకునేవాళ్లం కదా. ఇద్దరు మనుషులు పెళ్లయ్యాక ఎందుకు దూరమయ్యారో అంత బాగా చెప్పిన రచయిత్రికి, మళ్లీ ఎలా దగ్గరయ్యారో చెప్పడానికి విలన్ అవసరమా? అయితే నా మాట ఎవరు వింటారు. 2024లో చివరి ఎపిసోడ్‌కి కొరియాలో 24.8 శాతం రేటింగ్ వచ్చి, ఈ రెండు కథలూ వచ్చిన అక్కడి ఛానల్‌లో అప్పటిదాకా 'క్రాష్ ల్యాండింగ్' పేరు మీదున్న 21.6 రికార్డు బద్దలైందట.

జ్ఞాపకం పోవడం అనేదే తప్పని నేననను. మీరు పంపిన వాటిలో జపాన్‌ది ఒకటుంది, 'ఫస్ట్ లవ్'. అందులోనూ హీరోయిన్ గతం మర్చిపోతుంది. కానీ అక్కడ కథంతా నిలబడింది ఆ మరపు మీదే, పదమూడో ఎపిసోడ్ దాటాక గుర్తొచ్చి తగిలించింది కాదు. ఎయిర్ హోస్టెస్ అవుదామనుకున్న పిల్ల మంచు కురిసే ఊళ్లో టాక్సీ నడుపుతూ ఉంటుంది. తొమ్మిదే ఎపిసోడ్లు. నిదానం, నిజమే. మా ఆవిడ రెండుసార్లు కునుకు తీసింది, నాకు మాత్రం ఇదే మనసులో ఉండిపోయింది.

'లవ్లీ రన్నర్' పంపిన పైఅంతస్తు అమ్మాయి కోసం ఒక మాట. అందులో హీరోయిన్ 2008కీ ఇప్పటికీ మధ్య వెనక్కీ ముందుకీ దూకుతుంటే, ఎవరికి ఏది గుర్తుందో తెలియక మాకు బుర్ర తిరిగింది. హెడ్మాస్టరు గారు ఎపిసోడ్ల వారీగా రాసిచ్చిన నోట్సు లేకపోతే మూడో ఎపిసోడ్‌లోనే వదిలేసేవాళ్లం. సార్ చేతిరాత ఇప్పటికీ ముత్యాలే, ఎర్ర ఇంకుతో అండర్‌లైన్లు కూడా మారలేదు. కానీ ఆ అమ్మాయి అభిమానించే గాయకుడు అసలు ఆమెకంటే ముందే ఆమెని ఇష్టపడ్డాడని, ఆ వానలో గొడుగు దగ్గర మనకి తెలిసేచోట ఈల వేయాలనిపించింది. చైనాది 'హిడెన్ లవ్' సగంలో ఆపేశాం. పిల్లలిద్దరూ ముద్దుగానే ఉన్నారు, కథ కదలదు.

ఇక అన్నిటికంటే పెద్ద థాంక్స్ 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్' చూడమని పట్టుబట్టిన హెడ్మాస్టరు గారికే. నిరుడు, 2025 మార్చిలో, వారానికి నాలుగేసి ఎపిసోడ్ల చొప్పున వచ్చిందట. మేం మాత్రం ఆగలేక గబగబా చూసేశాం. జెజు దీవిలో 1960ల నుంచి మొదలయ్యే కథ. తల్లి ఆక్సిజన్ సిలిండర్ లేకుండా సముద్రంలో మునిగి నత్తలు ఏరుకొచ్చే మనిషి. ఆమె ఎప్పుడూ నీళ్లలోనే ఉంటోందని, ఆ నత్తల మీద కోపంతో చిన్నపిల్ల కవిత రాస్తుంది. ఆ పిల్ల ఏ-సన్. ఆమె వెంటే తిరిగే, నోట్లోంచి మాట రాని అబ్బాయి గ్వాన్-సిక్. సంతలో ఆమె పుస్తకం చదువుకుంటుంటే క్యాబేజీలు అమ్మేది వాడు. ఓడెక్కి వెళ్లిపోతూ, ఒడ్డున ఆమెని చూసి సముద్రంలోకి దూకేస్తాడు, అది సినిమా వేషం. దానికంటే పెద్ద పని వాడు అన్నం దగ్గర చేస్తాడు. పెళ్లయ్యాక ఏ-సన్ అత్తవారింట్లో మగవాళ్లకో బల్ల, ఆడవాళ్లకో బల్ల. వాడు ఏమీ అనకుండా కూర్చున్నచోటే వెనక్కి తిరిగి, పెళ్లాం వైపు ముఖం పెట్టి తినడం మొదలుపెడతాడు. ఇంటిల్లిపాదీ నోరు తెరుచుకుని చూస్తారు.

"మీ నాన్నగారు ఉండగా మీరిలా తిరిగుంటే!" అంది మా ఆవిడ. నేను సబ్‌టైటిల్స్ చదవడంలో చాలా బిజీగా ఉన్నాను.

బియ్యం నిండుకున్న ఆ కొత్త జంట కుండలో ఇంటి ఓనర్లయిన ముసలి దంపతులు చడీచప్పుడు లేకుండా బియ్యం పోసి వెళ్లే చోట ఇద్దరం ఏడ్చాం. కూతుర్ని జపాన్ పంపి చదివించడానికి ఇల్లు అమ్మే చోట ఆవిడ టీవీ ఆపమంది. మా ఆవిడ వాళ్ల నాన్న రెండెకరాలు అమ్మి ఆవిడ చేత బీఈడీ చదివించారు. ఆ రాత్రి సీరియల్ కట్, పొలం కబుర్లే. ఆ పొలం గట్టు మీద మామిడిచెట్టు కాపు ఎలా ఉండేదో ఇన్నేళ్లలో నేను వినడం అదే మొదలు.

ఇలాంటివి ఇంకా ఉంటే పంపండి. షరతులు రెండే: పదహారు ఎపిసోడ్లు దాటకూడదు, చివర్లో ఎవరికీ మతిమరుపు రాకూడదు. డల్లాస్ కోడలు "అత్తయ్యా, రెండో మోకాలు ఎప్పుడు?" అని అడుగుతోంది, ఆవిడకి వినిపించకుండా అడుగమ్మా. హెడ్మాస్టరు గారి నోట్సు అట్ట వేసి జాగ్రత్తగా ఉంచాను, ఆదివారం తెచ్చిస్తాను. పైఅంతస్తు అమ్మాయీ, నీ హెచ్‌డీఎంఐ కేబుల్ ఇంకా మా టీవీకే ఉంది. రేపు పొద్దున పెసరట్టు ఉప్మా చేస్తోంది మీ ఆంటీ, వచ్చి తిని కేబుల్ పట్టుకెళ్లు. లేకపోతే ఇంకో సీరియల్ అయ్యేదాకా అది నీకు తిరిగి రాదు.