మీ రోబో చేయి గురించి, కిశోర్‌కి

బెంగళూరు

ఒరేయ్ కిశోర్,

రోబోలో చాసిస్ (చక్రాలుండే కింది చట్రం) ఒకరికి, చేయి ఒకరికి, సర్క్యూట్ ఒకరికి, కోడ్ ఒకరికి అని పని పంచేసుకున్నామని రాశావు. కాస్త ఆగండ్రా. ఎవరి భాగం వాళ్ల బల్ల మీద బాగానే ఆడుతుంది, కలిపిన రోజే గొడవ మొదలవుతుంది. మోటారు షాఫ్టు 6 మిల్లీమీటర్లు, తెచ్చిన చక్రం రంధ్రం 4. ఇంకోటి చూడు, సర్వోలని (చెప్పిన కోణానికి తిరిగి ఆగే మోటార్లని) నడిపే సర్వో లైబ్రరీ వాడితే, ఆర్డుయినో ఊనో అనే కంట్రోల్ బోర్డులో 9, 10 పిన్నుల మీద పీడబ్ల్యూఎం, అంటే మోటారు వేగం మార్చే పల్సుల పద్ధతి, పోతుంది. చక్రాల మోటార్లకి కరెంటిచ్చే డ్రైవర్ బోర్డు ఎనేబుల్ తీగని అక్కడే పెట్టారనుకో, వేగం మారదు. కోడ్ తప్పని ఒకడు, డ్రైవర్ కాలిందని ఇంకొకడు పోట్లాడుకుంటారు. 5, 6కి మార్చేస్తే తీరిపోతుంది. అందుకే ముందు ఒక్క కాగితం రాయండి: ఏ పిన్ను దేనికి, ఏ భాగానికి ఎన్ని వోల్టులు, ఎంత కరెంటు, బోల్టు రంధ్రాల మధ్య దూరం, ఒక్కో భాగం బరువు. ఎవరు మార్చినా తేదీ వేసి గ్రూపులో పెట్టాలి.

ఇక చేయి సంగతి. పొడవు 20 సెంటీమీటర్లు, ఎత్తేది 200 గ్రాములు అన్నావు. అంటే భుజం దగ్గర కావాల్సిన తిప్పే బలం (టార్క్) 4 కిలో-సెంటీమీటర్లు. చేయి బరువే 150 గ్రాములుంటే, అది మధ్యలో పడుతుంది కాబట్టి ఇంకో 1.5. మొత్తం 5.5. దీనికి రెట్టింపు ఉన్న సర్వో కావాలి. ఎస్‌జీ90 అనే చిన్న సర్వో ఇచ్చేది 1.8 మాత్రమే, భుజానికి దాన్ని తలుచుకోకు. దానికంటే పెద్ద సర్వో ఎమ్‌జీ996ఆర్ 6 వోల్టుల దగ్గర 11 దాకా ఇస్తుంది. కాకపోతే ఆ పేరుతో నకిలీలు చాలా తిరుగుతున్నాయి. ఎస్పీ రోడ్డులో ముందు ఒక్కటే కొనండి. దానికి స్కేలు కట్టి, 11 సెంటీమీటర్ల దగ్గర అరకిలో పంచదార పొట్లం వేలాడదీస్తే సరిగ్గా ఆ 5.5 వస్తుంది. అది లేపితేనే మిగతావి.

చేయి లేపబోగానే ఊనో రీసెట్ అవుతోందంటే కోడ్ వెతకొద్దు. బిగుసుకున్న ఎమ్‌జీ996ఆర్ ఒక్కటే 2.5 ఆంపియర్లు లాగుతుంది. యూఎస్‌బీ మీద నడిచే ఊనోకి అర ఆంపియరే గతి. వోల్టేజీ పడిపోయి బోర్డు మళ్లీ మొదటికొస్తుంది. సర్వోలకి వేరే బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించి ఇచ్చే బోర్డు) పెట్టండి. ఎల్‌ఎమ్2596 3 ఆంపియర్లదే, ఎక్స్‌ఎల్4015 5 ఆంపియర్లది. సర్వో తగిలించకముందే మల్టీమీటరుతో చూస్తూ కన్వర్టర్‌ని 6 వోల్టులకి తిప్పి పెట్టాలి. గ్రౌండ్లన్నీ (నెగటివ్ తీగలన్నీ) కలపాలి, లేకపోతే సర్వో వణుకుతూనే ఉంటుంది.

గ్రిప్పర్‌కి (చేయి కొసన వస్తువుని పట్టుకునే భాగానికి) రెండు వేళ్లా, వాక్యూమ్ కప్పా అన్న పంచాయితీకి, డిజైన్లు పోల్చి ఎంచుకోడానికి ఇంజనీరు స్టువర్ట్ ప్యూ చెప్పిన పట్టిక మంచిది. అన్నిటికంటే సులువైన డిజైన్‌ని ఆధారంగా పెట్టుకుని, మిగతావాటికి ప్లస్, మైనస్, సమానం వేస్తూ పోండి. బరువు, ఖర్చు, విప్పి బిగించే సులువు లాంటి కొలమానాలు మాత్రం బొమ్మలు చూపించుకోకముందే తేల్చుకోవాలి, లేకపోతే ఎవడి డిజైన్‌కి తగ్గట్టు వాడు కొలమానం తెస్తాడు. గెలిచిందేదో చూసి వదిలేయకు, దాని మైనస్‌లు ఎలా తగ్గించాలో కూర్చుని చూడండి.

మొదటి వారంలోనే అట్టముక్కలతోనైనా అన్నీ కలిపి ఒకసారి నిలబెట్టండి. ఆ కాగితం రాశాక ఫోటో పంపు, గ్రిప్పర్ బరువు ఎంతొచ్చిందో కూడా రాయి. 5.5 లెక్క మళ్లీ వేద్దాం.

నీ
మధు