అమర్చిన కణాల గురించి నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు

ప్రియమైన మాధవకు,

నీ ఉత్తరం అందింది. అమ్మాయికి టైప్ 1 మధుమేహం అని తేలినప్పటి నుంచి నువ్వూ చెల్లెమ్మా కంటబడిన ప్రతి వార్తా చదువుతున్నారని, ఒంట్లో కణాలు అమర్చితే ఇక ఇన్సులిన్ సూదులే అక్కర్లేదని వాటిలో రాస్తున్నారని, అది ఎంతవరకు నమ్మవచ్చో చెప్పమని అడిగావు. చిన్నప్పటి నుంచీ ఇదే జబ్బుతో బతుకుతున్నవాణ్ణి కనుక ఈ పరిశోధనల సంగతి నేను వదలకుండా చదువుతూనే ఉన్నాను. తెలిసినదంతా రాస్తాను. ఉత్తరం కాస్త పెద్దదే అవుతుంది, ఓపిక చేసుకుని చదువు.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ప్రయోగశాలలో తయారుచేసిన కణాలు మనిషి ఒంట్లో బతికి, తిన్న తిండికి తగ్గట్టు ఇన్సులిన్ విడుదల చేయగలవన్న సంగతి రుజువైపోయింది. ఆ కణాలను మన సొంత రోగనిరోధక వ్యవస్థ బారిన పడకుండా కాపాడటం ఎలా అన్నదే ఇంకా తేలవలసి ఉంది. క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే మన బీటా కణాలను ఒకసారి వెతికి వెతికి చంపిన వ్యవస్థ కొత్తవాటిని మాత్రం ఎందుకు వదులుతుంది? పైగా అవి పరాయి కణాలైతే దానికి కోపం రెండింతలు. ఇప్పుడు జరుగుతున్న పరీక్షల ఫలితాలు చదివేటప్పుడు ఈ ఒక్క ప్రశ్నను మనసులో పెట్టుకుంటే ఏ వార్తకు ఎంత విలువ ఇవ్వాలో నీకే తెలిసిపోతుంది.

ఇలాంటి వార్తలో నువ్వు మొట్టమొదట వెతకవలసిన పదం సి-పెప్టైడ్. బీటా కణం ఇన్సులిన్‌ను మొదట ఒక పొడవాటి గొలుసుగా తయారుచేసి, ఆ తర్వాత మధ్య భాగాన్ని కత్తిరిస్తుంది. అలా తెగిన ముక్కే సి-పెప్టైడ్. ఒక ఇన్సులిన్ అణువు కణం దాటి బయటికి వస్తే దానితో పాటు ఒక సి-పెప్టైడ్ అణువూ వస్తుంది. మనం సూదితోనో పంపుతోనో ఎక్కించుకునే ఇన్సులిన్‌లో ఈ ముక్క ఉండదు. కాబట్టి రోగి ఇంకా ఇన్సులిన్ వేసుకుంటూ ఉన్నా సరే, నెత్తురులో సి-పెప్టైడ్ కనిపించిందంటే ఒంట్లో ఎక్కడో బతికున్న కణం పనిచేస్తోందని అర్థం. పరీక్షించే విధానం కూడా చెబుతాను. పరగడుపున కూర్చోబెట్టి, చేతి నరంలో ఒక సన్నటి గొట్టం అమర్చి, పిండిపదార్థం, మాంసకృత్తులు, కొవ్వు కొలత ప్రకారం కలిపిన పానీయం తాగిస్తారు. ఆ తర్వాత కొన్ని గంటల పాటు, ఇంతసేపటికి ఒకసారి అని లెక్క పెట్టుకుని నెత్తురు తీస్తూనే ఉంటారు. నాకూ ఆ పరీక్ష ఒకసారి చేశారు. చేతికి వచ్చిన కాగితంలో గ్లూకోజ్ వరుస పైపైకి ఎక్కుతూ పోయింది. దాని పక్కనే ఉన్న సి-పెప్టైడ్ వరుసలో మాత్రం పై నుంచి కింది దాకా ఒకటే రాత, యంత్రం కొలవగలిగినదానికంటే తక్కువ అని. కణాలు అమర్చిన తర్వాత ఆ ఖాళీ వరుసలో అంకెలు మొదలై, పానీయం తాగాక పెరిగి, మళ్ళీ తగ్గాయంటే ఈ చికిత్స పనిచేసిందన్నమాట.

ఈ ఆలోచన ఇవాళ్టిది కాదు. పాల్ లేసీ అనే శాస్త్రవేత్త 1967లో ఎలుక క్లోమగ్రంథి నుంచి బీటా కణాలుండే చిన్న గుంపులను, అంటే దీవులను, విడదీసే పద్ధతి చూపించారు. మనుషుల విషయానికి వస్తే, కెనడాలోని ఎడ్మంటన్‌లో జేమ్స్ షాపిరో బృందం 2000లో ప్రచురించిన ఫలితాలే అసలు మలుపు. చనిపోయిన దాతల క్లోమం నుంచి తీసిన దీవులను కాలేయానికి వెళ్ళే పెద్ద సిర ద్వారా ఎక్కిస్తే, వరసగా 7 మంది రోగులూ ఇన్సులిన్ మానగలిగారు. అదే పద్ధతిని అనేక ఆసుపత్రులలో 36 మందిపై పరీక్షించి 2006లో ప్రచురించినప్పుడు, ఏడాది నాటికి ఇన్సులిన్ లేకుండా ఉన్నవారు 16 మంది. రెండేళ్ళ నాటికి వారిలో 5 మందే మిగిలారు. ఇన్సులిన్ మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చినా, కొంత సి-పెప్టైడ్ మిగిలి ఉన్నవారిని ప్రమాదకరమైన లో షుగర్ అంతగా బాధించలేదు. రాత్రి నిద్రలో షుగర్ పడిపోతుందేమోనని అమ్మాయి గదిలోకి పదేపదే వెళ్ళి చూసే నీకు ఆ మాట విలువ నేను వేరే చెప్పనక్కర్లేదు. దాతల కణాలతో చేసే ఇటువంటి చికిత్సకు అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2023 జూన్‌లో అనుమతి ఇచ్చింది. అయితే దాతలు ఎప్పుడూ కొద్దిమందే ఉంటారు, ఒక రోగికి ఒక్క దాత కణాలు తరచు సరిపోవు కూడా.

దాతల కొరతను తీర్చే దారి మూలకణాలు చూపాయి. ఇవి ఒంట్లోని వేరే రకాల కణాలుగా మారగలిగే కణాలు. హార్వర్డ్‌లో డగ్లస్ మెల్టన్ బృందం మూలకణాలను మెట్టు మెట్టుగా మార్చి, గ్లూకోజ్‌కు స్పందించే బీటా కణాలను పెద్దమొత్తంలో తయారుచేసే పద్ధతిని 2014లో ప్రచురించింది. ఆయన పిల్లలిద్దరికీ టైప్ 1 ఉంది. పసివాడైన కొడుకుకు ఈ జబ్బు వచ్చినప్పుడే ఆయన తన పరిశోధనను ఇటు మళ్ళించుకున్నారు. అది చదివిన రోజున నాకు గొంతు పూడుకుపోయింది.

ఆ దారిలో వచ్చినదే వర్టెక్స్ కంపెనీ పరీక్షిస్తున్న జిమిస్లెసెల్ అనే మూలకణ దీవుల చికిత్స. దాని ఫలితాలు 2025 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. పూర్తి మోతాదు తీసుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది నాటికి ఇన్సులిన్ అవసరం లేకపోయింది. ఆ 12 మందిలో అందరికీ, రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ 7 శాతం కంటే తక్కువకు దిగింది, మూడు నెలలు దాటిన తర్వాత తీవ్రమైన లో షుగర్ ఎవరికీ రాలేదు. నువ్వు చదివిన వార్త బహుశా ఇదే. ఆ ఫలితం నిజమైనదే, నేను దాన్ని మనసారా గౌరవిస్తాను. కానీ అదే పత్రంలో ఇంకో సంగతీ ఉంది. ఈ రోగులందరూ రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతూ ఉండాలి. ఆ పరీక్షలో ఇద్దరు చనిపోయారు. ఒకరు శిలీంధ్రం వల్ల మెదడు పొరలకు సోకిన ఇన్ఫెక్షన్‌తో, మరొకరు ముందు నుంచీ ఉన్న మెదడు జబ్బు ముదరడంతో. అమర్చిన కణాలే ప్రాణం తీశాయని ఎవరూ అనలేదు, అయినా నిరోధక శక్తి అణిగి ఉన్న ఒంట్లో అటువంటి ఇన్ఫెక్షన్‌కు దారి సులువవుతుంది. ఆ మందులు మూత్రపిండాలనూ దెబ్బతీయవచ్చు, కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పునూ పెంచుతాయి. షుగర్ పడిపోతున్నా ఒంటికి ఆ సంగతి తెలియక, స్పృహ తప్పే స్థితికి చేరుతున్న పెద్దవాళ్ళనే అందులో చేర్చుకోవడానికి కారణం అదే. వాళ్ళకు షుగర్ పడిపోయే ముప్పు కంటే మందుల ముప్పు తక్కువ. మన అమ్మాయికి లెక్క అలా లేదు.

మందులు లేకుండా కణాలను కాపాడాలంటే వాటికి ఒక గూడు కట్టాలన్నది చాలామందికి తట్టిన ఉపాయం. జల్లెడలాంటి పొరలో కణాలను ఉంచితే, గ్లూకోజ్, ప్రాణవాయువు లోపలికి వెళతాయి, ఇన్సులిన్ బయటికి వస్తుంది, నిరోధక కణాలు మాత్రం లోపలికి చొరబడలేవు. 1980లోనే ఎలుకలలో ఇది ఫలించింది. మనిషి దగ్గరికి వచ్చేసరికి రెండు చిక్కులు ఎదురయ్యాయి. మొదటిది ఊపిరి. క్లోమం బరువులో ఈ దీవుల వాటా ఒకటి రెండు శాతమే అయినా, ఆ గ్రంథికి చేరే నెత్తురులో పదో వంతుకు పైగా వాటికే పోతుంది. అంత దాహం ఉన్న కణాలను నెత్తురు గొట్టాలకు దూరంగా చర్మం కింద సంచిలో ఉంచితే నడిమధ్యలో ఉన్నవి ఊపిరాడక చచ్చిపోతాయి. రెండోది మన ఒంటి స్వభావం. లోపల ఏ పరాయి వస్తువు పెట్టినా దాని చుట్టూ గట్టి మచ్చలాంటి కణజాలం అల్లేస్తుంది, ఆ పొర మందమయ్యేకొద్దీ ప్రాణవాయువు ఇంకా తగ్గిపోతుంది. వయాసైట్ కంపెనీ 2014లో ఇలాంటి సంచితో మనుషులలో మొదలుపెట్టిన పరీక్షకు సరిగ్గా ఇదే అడ్డుపడింది. తర్వాత నెత్తురు గొట్టాలు లోపలికి పాకేలా రంధ్రాలు పెట్టి మరో రకం చేశారు. కానీ గొట్టాలు వచ్చే దారినే నిరోధక కణాలూ వస్తాయి కనుక అణచే మందులు మళ్ళీ తప్పలేదు. ఆ రకానికి మెరుగులు దిద్ది 10 మందికి అమర్చినప్పుడు ముగ్గురిలో చెప్పుకోదగిన సి-పెప్టైడ్ కనిపించింది. వారిలో ఒకరికి షుగర్ 70కీ 180కీ మధ్య ఉండే సమయం 55 శాతం నుంచి 85 శాతానికి పెరిగింది. వర్టెక్స్ కూడా తన కణాలనే మూసిన పరికరంలో పెట్టి వేరుగా పరీక్షించింది. సి-పెప్టైడ్ ఆశించిన స్థాయికి చేరకపోవడంతో 2025 మార్చిలో దాన్ని ఆపేశామని ప్రకటించింది. అణచే మందులతో పాటు నేరుగా ఎక్కిస్తే ఫలించిన కణాలే సంచిలో పెడితే చతికిలబడ్డాయని తెలియడం నా దృష్టిలో చిన్న లాభం కాదు. ఆ పరీక్షకు ఒళ్ళు అప్పగించిన రోగులకు మనందరం ఋణపడి ఉన్నాం.

నాకు అన్నిటికంటే ఆశ కలిగించినది స్వీడన్‌లోని ఉప్సలాలో ఒకే ఒక్క రోగిపై జరిగిన పరీక్ష. సానా బయోటెక్నాలజీ అనే సంస్థ దాత కణాలలో జన్యువులను సవరించి, నిరోధక వ్యవస్థ వాటిని గుర్తుపట్టలేకుండా చేసింది. వాటిని ముంజేతి కండరంలోకి సూదులతో ఎక్కించారు, అణచే మందులు ఏవీ ఇవ్వలేదు. ఎక్కించిన వాటిలో పూర్తిగా సవరణ జరిగిన కణాలతో పాటు సగం జరిగినవీ, అసలు జరగనివీ కలిసి ఉన్నాయి. నిరోధక వ్యవస్థ జరగనివాటినీ సగం జరిగినవాటినీ వెతికి చంపింది, పూర్తిగా సవరించినవాటి జోలికి మాత్రం పోలేదు. ఒకే చేతిలో, ఒకే సమయంలో దొరికిన రుజువు ఇది. పన్నెండు వారాల తర్వాత కూడా తిన్నప్పుడు సి-పెప్టైడ్ పెరుగుతూనే ఉంది. ఎక్కించిన మోతాదు చాలా చిన్నది కనుక ఆయన ఇన్సులిన్ మానలేదు, మానాలని ఎవరూ ఆశించనూ లేదు. ఒక్కరిలో ఫలించింది పదిమందిలో, ఏళ్ళ తరబడి నిలవాలి. జన్యువులు మార్చిన కణం దారి తప్పి పెరగడం మొదలుపెడితే దాన్ని ఎలా ఆపాలన్నది కూడా తేలాలి. చైనాలోని తియాన్‌జిన్‌లో ఒక యువతికి ఆమె సొంత కణాలనుంచే తయారుచేసిన దీవులను పొట్ట కండరాల పొర కింద అమర్చారు, రెండున్నర నెలలకు ఆమె ఇన్సులిన్ మానగలిగింది. ఆమెకు అంతకు ముందే కాలేయ మార్పిడి జరిగి అణచే మందులు వాడుతూ ఉంది కాబట్టి, సొంత కణాలు మందులు లేకుండా నిలుస్తాయా అన్నది ఆ ఒక్క ఉదాహరణ నుంచి చెప్పలేం.

ఇక నువ్వు చేయవలసినది. చిన్నపిల్లలను ఇటువంటి తొలిదశ పరీక్షల్లో సాధారణంగా చేర్చుకోరు, ఇప్పుడు ఆ తొందర మనకు అక్కర్లేదు కూడా. ఎవరైనా మూలకణాలతో నయం చేస్తామని డబ్బు అడిగితే దరిదాపులకు వెళ్ళవద్దు. నిజమైన పరీక్షకు నమోదు ఉంటుంది, నైతిక కమిటీ అనుమతి ఉంటుంది, పరీక్షించే చికిత్సకు రోగి దగ్గర సాధారణంగా డబ్బు తీసుకోరు. కొత్త వార్త ఏది వచ్చినా ఎంతమందికి అమర్చారు, సి-పెప్టైడ్ ఎన్ని నెలలు నిలిచింది, అణచే మందులు వాడారా, అవసరమైతే కణాలను తీసేయగలరా అని చూడు. చెల్లెమ్మకు కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు. ఈసారి డాక్టరు గారి దగ్గరికి వెళ్ళినప్పుడు అమ్మాయికి సి-పెప్టైడ్ ఏమైనా మిగిలి ఉందేమో అడగండి. జబ్బు కొత్తగా వచ్చినవాళ్ళలో కొంత మిగిలే ఉంటుంది, దాన్ని వీలైనంత కాలం కాపాడుకునే చికిత్సలపై కూడా పరీక్షలు జరుగుతున్నాయి. ఆ సంఖ్య తెలియగానే నాకు రాయి, దాని గురించి వివరంగా మాట్లాడుకుందాం.

నీ
శ్రీనివాస్