పాత నమూనా రైలింజను: డీసీ మీద నడిస్తే సరిపోదు

సంపాదకులు గారికి,
నమస్కారం.

విదేశాల్లో ఉన్న బంధువుల ద్వారా చేతులు మారిన నమూనా రైళ్లను తెప్పించుకునేవారు మా సికింద్రాబాదులో నాకు తెలిసినంతలోనే కొందరున్నారు. అలా వచ్చేవాటిలో, పాత యజమాని సొంతంగా డిజిటల్ డీకోడర్ (పట్టాల ద్వారా వచ్చే డిజిటల్ ఆదేశాలను చదివి మోటారును నడిపే చిన్న సర్క్యూట్) అమర్చుకున్న ఇంజన్లూ ఉంటాయి. అటువంటి ఇంజను విషయంలో "నడుస్తోంది" అన్న మాటను ఎంతవరకు నమ్మవచ్చో నా అనుభవం నుంచి చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

లీడ్స్‌లో ఉంటున్న మా మేనల్లుడు అక్కడ ఒకరి దగ్గర కొని తెచ్చిన ఆవిరి ఇంజను నమూనా ఇది. 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద నడిచే, బ్రిటన్‌లో ఓఓ అని పిలిచే 1:76 కొలతది. అమ్మినవారు పంపిన వీడియోలో అది మామూలు డీసీ కంట్రోలర్ (పట్టాల్లోని వోల్టేజీతో వేగాన్నీ, ధ్రువాలతో దిశనూ మార్చే పాత పద్ధతిది) మీద ముందుకూ వెనక్కూ చక్కగా నడిచింది. నేరుగా మా ఇంటి డిజిటల్ పట్టాల మీద పెట్టేద్దామని మేనల్లుడు తొందరపడ్డాడు. ఎలక్ట్రిక్ లోకో షెడ్డులో పనిచేసినవాడిగా నేను అందుకు ఒప్పుకోలేదు. మరొకరు విప్పి బిగించిన ట్రాక్షన్ మోటారుకు మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు) పెట్టి ఇన్సులేషన్ చూడకుండా అక్కడ ఎవరూ కరెంటు ఇవ్వరు. ఇక్కడ మాత్రం మెగ్గర్ వాడకూడదు, దాని వోల్టేజీకి డీకోడర్ బతకదు. సాధారణ మల్టీమీటర్ చాలు.

పైకప్పు తీసి చూస్తే తీగలన్నీ ఒకే నలుపు రంగులో ఉన్నాయి. మోటారుకు నారింజ, బూడిద రంగులు, పట్టాల నుంచి కరెంటు తెచ్చేవాటికి ఎరుపు, నలుపు రంగులు వాడాలని అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ ప్రమాణం చెబుతుంది. ఆ పద్ధతి పాటించనందువల్ల ఒక్కొక్క తీగనూ మొదటి నుంచి చివరి దాకా పట్టి చూడవలసి వచ్చింది. మోటారు తీగలు రెంటినీ టంకం కరిగించి విడదీశాక, మోటారు కొనలకూ చక్రాలకూ మధ్య మీటరు పెట్టాను. అక్కడ అసలు సంబంధమే ఉండకూడదు. కానీ ఒక కొన దగ్గర సున్నా ఓములు చూపింది.

కారణం పాత తయారీలోనే ఉంది. ఆనాటి ఇలాంటి ఇంజన్లలో ఒక వైపు చక్రాలూ, మోటారులోని ఒక బ్రష్షూ (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్క) లోహపు ఛాసిస్‌కే, అంటే ఇంజను చట్రానికే, కలిసి ఉంటాయి. డీకోడర్ అమర్చేటప్పుడు ఆ బ్రష్షును ఛాసిస్ నుంచి పూర్తిగా వేరుచేయాలి. అందుకోసం బ్రష్షును నొక్కిపట్టే స్ప్రింగు తీగకు తొడిగిన సన్నని ప్లాస్టిక్ గొట్టం చితికిపోయి, లోహానికి లోహం తగులుతోంది.

మరి వీడియోలో ఎలా నడిచింది? డీసీ మీద పట్టాల ధ్రువాలు నిలకడగా ఉంటాయి, డీకోడర్ కూడా వాటిని అనుసరించే మోటారును తిప్పుతుంది. కనుక ఛాసిస్‌కు తగిలిన బ్రష్షూ, ఆ వైపు పట్టా ఇంచుమించు ఒకే వోల్టేజీలో ఉండి, లోపం బయటపడకుండానే ఇంజను నడిచిపోగలదు. డిజిటల్ పట్టాల మీద అలా కాదు. అక్కడ ఆదేశాలు ధ్రువాల మార్పుల రూపంలో ఒకట్లు, సున్నాలుగా వెళతాయి. "ఒకటి" అనే బిట్టులో సగభాగం 58 మైక్రోసెకన్లే, "సున్నా"లో సగభాగం సుమారు 100. అంటే ధ్రువాలు సెకనుకు వేల సార్లు తారుమారవుతుంటాయి, తగలకూడని చోట తగిలిన బ్రష్షు ద్వారా పట్టాల కరెంటు నేరుగా డీకోడర్‌లోని ట్రాన్సిస్టర్ల మీద పడుతుంది. మనం చెయ్యి చాపి ఇంజనును ఎత్తేలోపే అది కాలిపోవచ్చు.

కొత్త గొట్టం తొడిగి, తీగలు తిరిగి అతికి, మళ్లీ మీటరుతో చూసుకున్నాకే ఇంజనును ప్రోగ్రామింగ్ పట్టా (డీకోడర్ అమరికలు చదవడానికీ, మార్చడానికీ వాడే వేరే పట్టా) మీద పెట్టాను. అక్కడ కరెంటు చాలా పరిమితం కాబట్టి ఇంకేదైనా పొరపాటు మిగిలి ఉన్నా నష్టం తక్కువ. డీకోడర్ తన అమరికలను సంఖ్యలుగా దాచుకునే గడులను సీవీలంటారు. తయారీదారు ఎవరో చెప్పే ఎనిమిదో సీవీలో 145 వచ్చింది, అది ఆస్ట్రియాకు చెందిన జిమో సంస్థ సంఖ్య. ఇరవై తొమ్మిదో సీవీలో 38 ఉంది. అందులోని 32 పొడవాటి అడ్రసును (ఇంజనును పిలిచే పెద్ద సంఖ్యను) సూచిస్తుంది. కొత్త డీకోడర్లకు మామూలుగా ఉండే 3 అనే అడ్రసుతో పిలిచి, పలకలేదని దానిని చెడిపోయినట్టు లెక్కగడితే ఎంత పొరపాటయ్యేదో చూడండి. ఎనిమిదో సీవీలో 8 రాస్తే చాలా డీకోడర్లు మొదటి స్థితికి వచ్చేస్తాయన్నది నిజమే. అయితే పాత యజమాని దీపాలకు చేసుకున్న అమరికలు కూడా దానితో పోతాయి కనుక ఉన్న విలువలన్నీ ముందు కాగితం మీద రాసుకోవడం మంచిది.

ఇటువంటి ఇంజన్లు అమ్మేవారికి నా విన్నపం ఒక్కటే. నడుస్తున్న వీడియోతో పాటు, పైకప్పు తీసిన ఫోటో, ఏ తీగ ఎక్కడికి వెళుతుందో చూపే చిన్న చిత్రం, డీకోడర్ అడ్రసు దయచేసి జతచేయండి. కొనేవారు కూడా డబ్బు కట్టే ముందే వాటిని అడిగి తీసుకోవాలి. మా మేనల్లుడి ఇంజనుకు ఆ చిత్రం నేను గీసి పెట్టెలో ఉంచాను.

ఇట్లు,
విశ్రాంత రైల్వే ఎలక్ట్రికల్ టెక్నీషియన్,
లాలాగూడ, సికింద్రాబాద్.