మా ఇంటి అమీన్ సాబ్‌కి

బిడ్డా,

నువ్వు పంపిన ఫొటో చూశాం. యూనిఫాంలో పోలీసు అకాడమీ గేటు ముందు దర్జాగానే నిలబడ్డావు. నీ తల వెనక సగం కనపడుతున్న పేరు చూశావా? రాజా బహదూర్ వెంకటరామరెడ్డి. నారాయణగూడలో డిగ్రీ మూడేళ్ళూ ఆయన పేరున్న కాలేజీలోనే చదివావు, ఒక్కరోజూ ఆయనెవరని అడగలేదు. నేనూ చెప్పలేదనుకో.

ఆయన 1920 నుంచి 1934 దాకా హైదరాబాద్ కొత్వాలు. ఇప్పటి లెక్కన సిటీ కమిషనర్. నిజాం కాలంలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి హిందువు అని అందరూ గొప్పగా చెప్తారు. నాకు నచ్చింది వేరే. ఆయన డిపార్ట్‌మెంటులో చేరింది అమీన్‌గా. అమీన్ అంటే ఎస్ఐ. మీ నానమ్మ చివరిదాకా ఎస్ఐని అమీన్ సాబ్ అనేది, గుర్తుందా?

ఆయన పుట్టింది 1869లో. ఆ రోజుల్లోనే నిజాం దివాను సాలార్‌జంగ్ పోలీసు శాఖకంటూ ఒక మంత్రిని పెట్టాడు. అట్లాగని కొత్వాలుకు ఊరంతా చెల్లేది కాదు. సుల్తాన్‌బజార్ రెసిడెన్సీ కింద, అంటే నిజాం దగ్గరుండే ఇంగ్లీషువాళ్ళ ప్రతినిధి కింద ఉండేది. 1933లో గానీ ఆ బజారు నిజాం చేతికి తిరిగి రాలేదు. సికింద్రాబాద్ కంటోన్మెంటు సంగతి సరేసరి.

నేను పోలీసులో చేరిన కొత్తలో పాతబస్తీ ఠాణాలో ఒక ముసలి హెడ్డు సాబ్ ఉండేవాడు. ఒక నైట్ డ్యూటీలో బీరువా అడుగు నుంచి పాత రోజ్‌నామ్చా, అదే ఠాణా డైరీ, తీసి చదివి వినిపించాడు. అట్ట వేలు పెడితే పొడైపోతోంది. నాకు ఉర్దూ అక్షరం ముక్క రాదు. అయినా వింటుంటే సగం అర్థమైంది: ఫిర్యాదు, దర్యాప్తు, పంచనామా, జమానతు, ఫరారీ. రేపు నువ్వు తెలుగులో రాసే కేసు కాయితాల్లోనూ ఇవే మాటలు. ఇంతకీ అది మేక దొంగతనం కేసు. మేక దొరికిందో లేదో, ఆ తర్వాతి పేజీని చెదలు తినేశాయి. ఇన్నేళ్ళయినా అది నాకు వెలితే.

మోకాలినొప్పి ఉందని పరేడ్ ఎగ్గొట్టకు, ముందే డాక్టరుకు చూపించుకో.

విజిటర్లను రానిచ్చే ఆదివారం వస్తాం. మీ అమ్మ సకినాలు చేస్తోంది. గేటు దగ్గర "మా అమీన్ సాబ్‌ని పిలవండి" అని అడుగుతానంటోంది. నేను వద్దంటే వినే మనిషి కాదు, నువ్వే ఫోన్ చేసి చెప్పుకో.

మీ నాన్న